రాలిన ఆకులు కట్టిన అడవి

రెండు గుప్పిళ్ల ఇసుకతో మొదలుపెడదాం. మొదటిది మిషిగన్ సరస్సు ఒడ్డున, అల వచ్చి వెనక్కి మళ్లిన చోటికి పది అడుగుల ఎగువన తీసింది. రెండోది అక్కడి నుంచి లోపలికి అరగంట నడిచాక, ఒక బ్లాక్ ఓక్ చెట్టు మొదట్లో ఎండుటాకులను పక్కకు తోసి తీసింది. మొదటి గుప్పిట తెరవగానే ఇసుక వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. దులుపుకుంటే అరచెయ్యి శుభ్రం. రెండో గుప్పిట తెరిస్తే ఇసుక కాసేపు ముద్దలా నిలుస్తుంది. రంగు బూడిద కలిసిన నలుపు. సన్నని వేరుపోగులు దాన్నుంచి వేలాడుతుంటాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడినేల వాసన వస్తుంది. దులుపుకున్నా అరచేతి గీతల్లో మరక మిగిలిపోతుంది.

ఇసుక మాత్రం రెండు చోట్లా ఒకటే. చాలావరకు క్వార్ట్జ్ రేణువులే, సరస్సు ఒడ్డుకు తోసినవే, గాలి మోసుకొచ్చినవే. తేడా అంతా ఆ ఇసుక మీద ఎన్ని శరత్కాలాలు ఆకులు రాల్చాయన్న దానిలో ఉంది.

ఇసుక దిబ్బ మీద అడవి ఎలా నిలబడుతుందని అడిగితే పాఠ్యపుస్తకం ఇచ్చే జవాబు మెట్ల వరుసలా ఉంటుంది. ముందు గడ్డి, తర్వాత పొదలు, తర్వాత పైన్, ఆ తర్వాత ఓక్, చివరికి మహారణ్యం. కాలిబాట మీద నడిస్తే ఆ మెట్లు అంత చక్కగా కనిపించవు. కొన్ని చోట్ల అడవి ఒకే మెట్టు మీద వేల ఏళ్లుగా కూర్చుండిపోయింది. కొన్ని చోట్ల మెట్లు దిగి వెనక్కి పోయింది. ఈ చిక్కుముడి విప్పడానికి అక్టోబరును మించిన నెల లేదని నా నమ్మకం. ముడి కొస ఆకుల్లో ఉంది, ఆ ఆకులు నేలకు దిగేది అప్పుడే.

చోటు ఏదో చెప్పాలి. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు ఉత్తరం అంచున, మిషిగన్ సరస్సు దక్షిణపు కొసన, సుమారు 24 కిలోమీటర్ల తీరం వెంబడి ఇండియానా డ్యూన్స్ జాతీయ ఉద్యానం ఉంది. షికాగో నుంచి రైల్లో వెళ్లవచ్చు. చుట్టూ ఉక్కు కర్మాగారాలు, ఓడరేవు, రహదారులు. వాటి మధ్య ఇరుక్కున్న ఈ కాస్త నేలలో 1,100కు పైగా స్థానిక మొక్కల జాతులు బతుకుతున్నాయి. ఎడారుల్లో కనిపించే నాగజెముడు, ఉత్తర ధ్రువ ప్రాంతాల్లో నేలను అంటి పెరిగే బేర్‌బెర్రీ ఇక్కడ ఒకే ఇసుక మీద ఉంటాయి. ఇంకో మాట. అక్కడి ఆకురాలే కాలాన్ని మన శిశిరంతో కలపకూడదు. మన దగ్గర మాఘ ఫాల్గుణాల్లో చెట్లు ఆకులు రాల్చేది ముఖ్యంగా రాబోయే నీటి కరువుకు భయపడి. అక్కడ సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా రాల్చేది రాబోయే మంచుకు, తగ్గిపోయే వెలుతురుకు సిద్ధపడి.

ముందు ఇసుక సంగతి. ఎండిన ఇసుక మీద గాలి గంటకు ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్ల వేగం అందుకుంటే రేణువులు లేస్తాయి. ధూళిలా పైకి ఎగిరిపోవు, గెంతుతాయి. గెంతిన రేణువు నేలను తాకినప్పుడు మరికొన్నింటిని తట్టి లేపుతుంది. ఈ గెంతుళ్లు చాలావరకు మోకాలి ఎత్తు లోపలే సాగుతాయి. అందుకే గాలి రోజున ఒడ్డున నిలబడితే పిక్కలకు సూదులు గుచ్చుకున్నట్టుంటుంది, ముఖానికి అంతగా తగలదు. దిబ్బకు గాలి తగిలే వైపు వాలు మెల్లగా పైకెక్కుతుంది. గాలిమరుగు వైపు ఒక్కసారిగా కిందికి పడుతుంది. పొడి ఇసుక సుమారు 34 డిగ్రీలకు మించిన వాలులో నిలవలేదు కాబట్టి ఆ వైపు జారుతూనే ఉంటుంది. ఒక వైపు ఎక్కుతూ, మరో వైపు జారుతూ దిబ్బ మొత్తం లోపలికి నడుస్తుంది. వేసవిలో ఈ నడక మందకొడిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయవ్యం నుంచి గాలులు విరుచుకుపడటంతో దిబ్బలు అసలు పనిలో పడతాయి.

ఆ దిబ్బ కాళ్లకు బంధం వేసేది ఒక గడ్డి. దాని పేరు మారమ్ గడ్డి. శరత్కాలంలో గడ్డివాము రంగుకు తిరిగి, చూడటానికి ఏ ప్రత్యేకతా లేనట్టు ఉంటుంది. వంగి ఒక పోచను దగ్గరగా చూడండి. అది చదునుగా ఉండదు, పొడవునా చుట్టుకుని సన్నని గొట్టంలా కనిపిస్తుంది. పొడిగాలికి లోపలి తేమ పోకుండా గడ్డి చేసుకున్న ఏర్పాటు అది. పోచ కొన ఇసుకను తాకే చోట గాలి దాన్ని అటూ ఇటూ తిప్పినప్పుడు ఇసుక మీద గుండ్రని గీత పడుతుంది, కంపాసుతో గీసినట్టు. ఒక్కో కుదురు చుట్టూ అలాంటి వృత్తాలు ఒకదాని లోపల ఒకటి ఉంటాయి. ఏ రోజు గాలి ఎటు వీచిందో వాటిని చూసి చెప్పవచ్చు.

దాని అసలు బలం నేల లోపల ఉంది. మామూలు మొక్కను ఇసుక కప్పేస్తే అది చచ్చిపోతుంది. మారమ్ గడ్డి మాత్రం కప్పేకొద్దీ పైకి లేస్తుంది. పాతుకుపోయిన కాండం నుంచే కొత్త వేళ్లు, కొత్త పిలకలు వేస్తుంది. నేలలో అడ్డంగా పాకే కాండంతో ఏడాదిలో అనేక అడుగులు విస్తరిస్తుంది. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఇసుక రావడం ఆగిపోతే ఈ గడ్డి నీరసిస్తుంది. వేళ్లను పట్టి పీడించే సూక్ష్మజీవుల నుంచి కొత్త ఇసుక దానికి తాత్కాలికంగా రక్షణ ఇస్తుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. అంటే ఇసుకను ఆపడమే ఈ గడ్డి చేసే పని, ఆ పని పూర్తయ్యేసరికి అది అక్కడ ఉండలేదు. గడ్డితో పాటు కాటన్‌వుడ్ చెట్టు కూడా దిబ్బతో ఇలాగే పోటీపడుతుంది. దిబ్బ మీద మనిషెత్తు పొదలా కనిపించే కాటన్‌వుడ్ నిజానికి పొద కాకపోవచ్చు. ఇసుకలో పాతుకుపోయిన పెద్ద చెట్టు తల అయి ఉండవచ్చు.

గడ్డి ఇసుకను నిలబెట్టాక వచ్చే దశలు నడకలో త్వరగా దాటిపోతాయి. లిటిల్ బ్లూస్టెమ్ అనే గడ్డి కుదుళ్లు అక్టోబరులో రాగి రంగుకు మారి ఎండ పడినప్పుడు కాలుతున్నట్టుంటాయి. ఆ తర్వాత జాక్ పైన్ చెట్లు, జూనిపర్లు, బేర్‌బెర్రీ. సుమారు ఒక శతాబ్దం గడిచాక ఓక్ చెట్లు కుదురుకుంటాయి.

ఈ వరుసను మొదటగా శాస్త్రంగా చదివినవాడు హెన్రీ కౌల్స్. షికాగో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివి, ఈ దిబ్బల మీద చేసిన అధ్యయనాన్ని 1899లో ప్రచురించాడు. ఆయన ఆలోచన చాలా సరళం, చాలా లోతైనది. నీటికి దగ్గరగా ఉన్న దిబ్బ నిన్న మొన్నటిది, లోపలికి పోయేకొద్దీ దిబ్బలు పాతవి. హిమానీనదాలు వెనక్కి తగ్గిన కాలంలో సరస్సు నీటిమట్టం ఇప్పటికన్నా ఎత్తులో ఉండేది. అది అంచెలంచెలుగా దిగుతూ ప్రతి అంచెలో ఒక పాత తీరాన్ని, దాని వెంట ఒక దిబ్బల వరుసను వదిలిపెట్టింది. అన్నిటికన్నా లోపల ఉన్న గ్లెన్‌వుడ్ వరుస వయసు పద్నాలుగు వేల ఏళ్లకు పైమాటే. అందువల్ల ఒక అడవి పుట్టుకను చూడటానికి వేల ఏళ్లు కాచుకోనక్కర్లేదు, తీరం నుంచి లోపలికి నడిస్తే చాలు. దూరం ఇక్కడ కాలానికి బదులుగా నిలుస్తుంది. దీన్నే వృక్షశాస్త్రంలో అనుక్రమం అంటారు.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. కౌల్స్ తర్వాతి తరం ఈ ఆలోచనను బిగించేసింది. ముఖ్యంగా 1916లో ఫ్రెడరిక్ క్లెమెంట్స్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ఒక ప్రాంతపు వాతావరణాన్ని బట్టి ఏ నేల అయినా చివరికి ఒకే రకం అడవిగా స్థిరపడుతుంది. దాన్ని చరమ దశ అన్నారు. ఆ లెక్కన ఈ ప్రాంతంలో ప్రతి దిబ్బా ఏదో ఒకనాటికి బీచ్ (ఇక్కడ ఇది ఒక చెట్టు పేరు, తీరం కాదు), మేపుల్ చెట్ల చిక్కటి అడవిగా మారాలి. కౌల్స్ మాత్రం 1901లోనే అనుక్రమం ఒక స్థిరమైన గమ్యం వైపు సాగేది కాదని, మారేది మరో మారేదాని వైపు సాగుతుందని రాశాడు. ఆ మాటను చాలామంది పక్కన పెట్టేశారు.

1958లో జెర్రీ ఓల్సన్ ఇవే దిబ్బల మీద పరిశోధన ప్రచురించాడు. ఆయన చేతిలో కౌల్స్‌కు లేని సాధనం ఉంది, అది పాత కట్టె లాంటి అవశేషాల్లో మిగిలిన కార్బన్‌ను బట్టి వయసు చెప్పే రేడియోకార్బన్ పద్ధతి. దానితో దిబ్బల వయసు కట్టి, నిన్నటి ఇసుక నుంచి సుమారు పన్నెండు వేల ఏళ్ల దిబ్బ వరకు నేలలను పరీక్షించాడు. ఇసుక నేలగా మారే పని చాలావరకు దిబ్బ నిలబడిన మొదటి వెయ్యేళ్లలోనే జరిగిపోతుందని తేలింది. ఆ తర్వాత నేల పెద్దగా బాగుపడలేదు. పన్నెండు వేల ఏళ్ల దిబ్బ మీద కూడా నిలబడి ఉన్నది బ్లాక్ ఓక్ చెట్లే. బీచ్, మేపుల్ చెట్లు ఉన్నాయి గానీ, అవి గాలిమరుగు వాలుల అడుగున, తేమ నిలిచే పల్లాల్లో, మొదటి నుంచీ సారం కాస్త ఎక్కువున్న చోట్ల ఉన్నాయి. అంటే దారి ఒక్కటి కాదు. దిబ్బలో చెట్లు ఏ వైపు మొలకెత్తాయన్నది ఎన్నేళ్లు గడిచాయన్న దానికన్నా కొన్నిసార్లు ఎక్కువ నిర్ణయిస్తుంది.

వేల ఏళ్లు గడిచినా ఓక్ అడవి ఎందుకు ముందుకు కదలలేదు? దీనికి జవాబు మన కాలి కింద గలగలమంటోంది.

శరత్కాలంలో ఆకు రంగు మారడం అంటే చెట్టు ఆకులోని ఆస్తిని వెనక్కి తీసుకోవడం. పగటి వెలుతురు తగ్గి, రాత్రులు చల్లబడగానే చెట్టు పత్రహరితాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. ఆకులో ఉన్న నత్రజనిలో సగం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, కొమ్మల్లోకి, కాండంలోకి చేరవేసి వచ్చే వసంతానికి దాచుకుంటుంది. పచ్చదనం పోయేసరికి అప్పటిదాకా దాని చాటున ఉన్న పసుపు, నారింజ రంగుల కెరోటినాయిడ్లు బయటపడతాయి. ఎరుపు సంగతి వేరు. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లను చాలా చెట్లు ఆ చివరి రోజుల్లో కొత్తగా తయారుచేస్తాయి. పోయే ఆకు మీద ఈ ఖర్చు ఎందుకన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకున్న జవాబు ఇంకా లేదు. పోషకాలను వెనక్కి లాగే పని పూర్తయ్యేదాకా ఎండ దెబ్బ నుంచి ఆకును కాపాడటానికేనన్నది ఎక్కువమంది మొగ్గే వివరణ. చివరికి కాడ మొదట్లో ఒక పొర ఏర్పడి ఆకు తెగిపోతుంది.

ఇలా సారం తీసుకోగా మిగిలిన ఆకు నేలకు చేరుతుంది. అది ఏ చెట్టు ఆకన్నదాన్ని బట్టి ఆ నేల భవిష్యత్తు ఉంటుంది. షుగర్ మేపుల్, బాస్‌వుడ్ ఆకుల్లో కాల్షియం ఎక్కువ. అవి మెత్తగా ఉంటాయి, త్వరగా కుళ్లుతాయి, నేలకు సారాన్ని త్వరగా తిరిగి ఇస్తాయి. ఆ నేలలో మళ్లీ మేపుల్ మొలక బాగా బతుకుతుంది. బ్లాక్ ఓక్ ఆకు అలా కాదు. చేతిలోకి తీసుకుంటే పలుచని తోలులా, గట్టిగా ఉంటుంది. అందులో టానిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువ, కాల్షియం తక్కువ. అది నెమ్మదిగా కుళ్లుతుంది. అప్పటికే వానలు ఇసుకలోంచి సున్నాన్ని కిందికి కడిగేసి ఉంటాయి కాబట్టి, పడిన ఆకుల వల్ల ఆమ్లత్వం పెరిగినా దాన్ని విరిచే పదార్థం పైపొరలో మిగలదు. అలాంటి పేద నేల మేపుల్‌కు చాలదు, ఓక్‌కు చాలు. ఓక్ మళ్లీ అవే ఆకులు రాలుస్తుంది. ఇలా చెట్టు తనకు సరిపోయే నేలను తానే ఏడాదికి ఒక పొర చొప్పున పరుచుకుంటోంది. ఓల్సన్ కనిపెట్టిన సంగతుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

దీనికి నిప్పు తోడైంది. చిన్న ఓక్ చెట్లు చాలాసార్లు ఎండిన ఆకులను చలికాలమంతా రాల్చకుండా పట్టుకునే ఉంటాయి. రాలిన ఆకులు చదునుగా అతుక్కుపోకుండా ముడుచుకుని, మధ్య మధ్య గాలి ఆడేలా పడతాయి, అందుకే బాగా అంటుకుంటాయి. మంట తక్కువ ఎత్తులో పాకి పోతుంది. పలుచని బెరడున్న మేపుల్ మొక్క దానికి చచ్చిపోతుంది. ఓక్ మొక్క కాలినా వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో మంటలను పూర్తిగా ఆపేశాక, చెట్ల మధ్య వెలుతురు పడే ఓక్ వనాలు పొదలతో కిక్కిరిసిపోయాయి. అందుకే ఇప్పుడు ఉద్యానం సిబ్బంది వసంతంలోనూ, శరత్కాలంలోనూ కొన్ని భాగాలకు జాగ్రత్తగా తామే నిప్పు పెడుతుంటారు. దారి పక్కన నల్లగా మాడిన నేల కనిపిస్తే ప్రమాదం జరిగిందని కంగారు పడనక్కర్లేదు.

ఇక మెట్లు వెనక్కి దిగడం. ఉద్యానం తూర్పు కొసన మౌంట్ బాల్డీ అనే దిబ్బ ఉంది, ఎత్తు 126 అడుగులు. ఒకప్పుడు దాని మీద గడ్డి ఉండేది. జనం ఎక్కీ దిగీ గడ్డి పోయింది. పక్కనున్న రేవు కట్టడాలు తీరం వెంట ఇసుక రాకను అడ్డుకున్నాయి. దిబ్బ వదులై లోపలికి నడవడం మొదలుపెట్టింది, తన వెనకాల నిలబడి ఉన్న ఓక్ అడవిని నిలువునా కప్పేసుకుంటూ పోయింది. 2013 జూలైలో ఆ దిబ్బ మీద నడుస్తున్న ఆరేళ్ల బాలుడు హఠాత్తుగా ఇసుకలోకి దిగబడిపోయాడు. మూడు గంటలకు పైగా తవ్వి అతన్ని ప్రాణాలతో బయటికి తీశారు. పొడి ఇసుకలో గుంత నిలవదన్నది అప్పటిదాకా అందరికీ తెలిసిన సంగతి, మరి ఆ గుంత ఎలా వచ్చింది? భూగర్భ శాస్త్రవేత్తలు పరిశీలించాక తెలిసింది ఏమిటంటే, ఏనాడో దిబ్బ మింగిన ఓక్ చెట్లు లోపల నిలబడినవి నిలబడినట్టే కుళ్లిపోయాయి. కుళ్లబెట్టిన శిలీంధ్రాలు మాను చుట్టూ ఉన్న ఇసుకను సున్నంతో అతికించాయి. మాను పోయింది, మాను ఆకారంలో గొట్టం మిగిలింది. కింద ఒక అడవి నీడ ఉందని పైన నడిచే ఎవరికీ తెలియలేదు. ఆ దిబ్బ మీద ఆ తర్వాత రాకపోకలకు గట్టి ఆంక్షలు పెట్టారు.

దారి విడిచి నడవవద్దని, చెక్క మెట్ల మీదే ఎక్కమని బోర్డులు ఎందుకు బతిమాలుతున్నాయో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. మారమ్ గడ్డి ఇసుకను తట్టుకుంటుంది, గాలిని తట్టుకుంటుంది, మనిషి మడమను తట్టుకోదు. పిలక విరిగిన చోట గాలి ఇసుకను తవ్వుతుంది, తవ్వినకొద్దీ పక్క కుదుళ్ల వేళ్లు బయటపడతాయి. కొన్నాళ్లకు అక్కడ పెద్ద గిన్నె లాంటి పల్లం ఏర్పడుతుంది. శరత్కాలంలో ఈ నష్టం ఎక్కువ. ఎండిపోయిన గడ్డి చనిపోయిందనుకుని జనం దాని మీద నడుస్తారు, గాలులు కూడా అప్పుడే బలపడతాయి, విరిగినదాన్ని బాగుచేసుకోవడానికి గడ్డికి వసంతం దాకా అవకాశం ఉండదు.

మనుషులు మడమలతో ఊరుకోలేదు. దగ్గర్లోని మిషిగన్ సిటీలో హూజియర్ స్లైడ్ అనే దిబ్బ దాదాపు 200 అడుగుల ఎత్తు ఉండేది. దాని ఇసుకను గాజు తయారీకీ, ఇతర అవసరాలకూ రైలు వ్యాగన్లలో తరలించారు. 1920 నాటికల్లా అది నేలమట్టమైంది. మిగిలినవైనా కాపాడాలని 1916 అక్టోబరు 30న షికాగోలో బహిరంగ విచారణ జరిగింది. జాతీయ ఉద్యానాల శాఖ మొదటి అధిపతి స్టీఫెన్ మేథర్ దాన్ని నడిపించాడు, కౌల్స్ వచ్చి దిబ్బల తరఫున మాట్లాడాడు. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగడంతో ఆ ప్రయత్నం మూలన పడింది. జాతీయ తీరప్రాంతంగా గుర్తింపు రావడానికి 1966 దాకా ఆగాల్సి వచ్చింది, జాతీయ ఉద్యానం అన్న హోదా 2019లో వచ్చింది. ఆ యాభై ఏళ్ల ఆలస్యంలో తీరం నడిమి భాగంలోని మేలైన దిబ్బలు కొన్ని ఉక్కు కర్మాగారం, ఓడరేవు కింద పోయాయి. ఒక దిబ్బ మీద అడవి కుదురుకోవడానికి పట్టే కాలంతో పోల్చి చూస్తే, వాటిని చదును చేయడానికి పట్టిన కాలం తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

అక్టోబరు నడకకు ఒక హెచ్చరిక. ఓక్ వనంలో అన్నిటికన్నా ముందుగా, అన్నిటికన్నా అందంగా ఎర్రబడేవాటిలో పాయిజన్ ఐవీ ఒకటి. ఒక కాడకు మూడు ఆకులుంటే దాన్ని చేత్తో తాకకండి, ఫొటో కోసం తుంచకండి. తాకిన చోట చర్మం బొబ్బలెక్కి రోజుల తరబడి దురద పెడుతుంది. ఎర్రటి ఆకు చేతిలోకి తీసుకోవాలని ఉంటే సాసాఫ్రాస్ చెట్టు కింద వెతకండి. ఒకే చెట్టుకు మూడు ఆకారాల ఆకులుంటాయి. ఒకటి కోడిగుడ్డు ఆకారంలో, ఒకటి బొటనవేలు విడిగా ఉన్న చేతితొడుగులా, ఒకటి మూడు పాయలుగా.

అక్టోబరు చివరికి, ఓక్ ఆకులు గోధుమ రంగుకు తిరిగాక, అడవి లోపలి నీడలో ఒక పొద పూస్తుంది. దాని పేరు విచ్ హేజెల్. ఆకులన్నీ రాల్చేసి, ఉత్త కొమ్మల మీద, నలిపిన కాగితపు పీలికల్లాంటి సన్నని పసుపు రేకులతో పూస్తుంది. పూల పక్కనే కిందటి ఏడాది పూల నుంచి ఏర్పడిన కాయలు ఉంటాయి. పొడి గాలికి కాయ బిగుసుకుని ఒక్కసారిగా పగులుతుంది, చిటిక వేసినట్టు చిన్న చప్పుడవుతుంది, రెండు నల్లటి గింజలు కొన్ని మీటర్ల దూరం ఎగిరి ఎండుటాకుల్లో పడతాయి. ఆ గింజ వచ్చే వసంతానికి సాధారణంగా మొలకెత్తదు. ఇంకో ఏడాది ఆకులు దాని మీద రాలాలి, ఇంకో చలికాలం గడవాలి. ఆ తర్వాతి వసంతంలో రెండు పొరల ఆకుల కింది నుంచి, ఆ నల్లటి ఇసుకలోంచి తల బయటికి పెడుతుంది.